సీసా మీద 99 శాతం: దేనిలో 99 శాతం?

916 ముద్ర ఉన్న గాజు కొన్నవారికి ఆ అంకె అర్థం తెలుసు. వెయ్యి గ్రాముల లోహంలో 916 గ్రాములు బంగారం. తూకానికి తూకం, అంతే. మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో, ఆహార పరీక్షా కేంద్రాల్లో వాడే కర్బన రసాయనాల సీసాల మీద కూడా 98.5 శాతం, 99.1 శాతం అని ఉంటుంది. చూడగానే అదీ తూకం లెక్కే అనిపిస్తుంది. చాలాసార్లు కాదు. అది హెచ్‌పీఎల్‌సీ గ్రాఫులో (మిశ్రమంలోని పదార్థాలను ద్రవ ప్రవాహంలో విడదీసి ఒక్కోదాన్ని ఒక్కో శిఖరంగా చూపే పరికరం గీసే పటంలో) ఒక శిఖరం వైశాల్యం మొత్తంలో ఎంత వంతో చెప్పే అంకె కావచ్చు. నీటిని మినహాయించి కట్టిన లెక్క కావచ్చు. ఆరబెట్టిన తర్వాతి లెక్క కూడా కావచ్చు. మూడూ ఒకే పదార్థానికి మూడు వేరు వేరు అంకెలిస్తాయి, మూడూ నిజమే చెబుతాయి.

2018లో వల్సార్టాన్ అనే రక్తపోటు మాత్రల్లో, క్యాన్సర్ కలిగించగలదని భావించే ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడినప్పటి నుంచి మలినాల కొలత మీద ప్రపంచమంతా దృష్టి పెట్టింది. పరికరాలు బిలియన్‌లో ఒక వంతును కూడా పసిగడుతున్నాయి. కానీ ఆ పరికరం చెప్పే ప్రతి అంకె వెనకా ఒక ప్రమాణ పదార్థం ఉంటుంది. నమూనాను దానితో పోల్చిన తర్వాతే పరికరం జవాబు చెబుతుంది. ఆ పదార్థం శుద్ధత తప్పుగా తెలిస్తే ఎంత ఖరీదైన పరికరమైనా అదే తప్పును ఎక్కువ దశాంశాలతో తిరిగి చెబుతుంది.

ఫోలిక్ ఆమ్లం మీద ఒక లెక్క

ఫోలిక్ ఆమ్లం మనకు దగ్గరి ఉదాహరణ. గర్భిణులకిచ్చే 5 మిల్లీగ్రాముల మాత్రలో ఉంటుంది, పోషకాలు కలిపిన బియ్యంలోనూ ఉంటుంది. దాని స్ఫటికాల్లో నీరు బాగా పడుతుంది. 8.5 శాతం దాకా నీటిని ఫార్మకోపియాలే (మందుల నాణ్యతకు ప్రమాణాలు పెట్టే అధికారిక గ్రంథాలు, వాటిని వెలువరించే సంస్థలు) అనుమతిస్తాయి.

ఒక సీసా మీద ‘శుద్ధత 99.1 శాతం (హెచ్‌పీఎల్‌సీ)’ అని ఉందనుకుందాం. అసలు సంగతేమిటంటే ప్రతి గ్రాము పొడిలో ఉన్న ఫోలిక్ ఆమ్లం 906 మిల్లీగ్రాములే. మిగతాదాంట్లో చాలాభాగం నీరు. హెచ్‌పీఎల్‌సీ డిటెక్టర్ చూసేది అతినీలలోహిత కాంతిని పీల్చుకునే వాటినే, కాబట్టి నీరు దాని కంటబడదు.

విశ్లేషకుడు ఈ పొడిని 10.00 మిల్లీగ్రాములు తూచి 100 మిల్లీలీటర్లు చేశాడు. ద్రావణంలో మిల్లీలీటరుకు 0.0991 మిల్లీగ్రాములు ఉందని నమ్ముతాడు. ఉన్నది 0.0906. ఇప్పుడు నిజంగా 4.3 మిల్లీగ్రాములే ఉన్న మాత్రను దీనితో పోలిస్తే జవాబు 4.3 × 0.991 ÷ 0.906, అంటే 4.70 మిల్లీగ్రాములు వస్తుంది. అనుమతి పరిమితి 90–110 శాతం అనుకుంటే, 86 శాతం ఉన్న మాత్ర 94 శాతంగా నమోదై ‘పాస్’ అవుతుంది. పోషక బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉండాలన్నది ఆహార భద్రతా ప్రమాణం. కిలోకు 70 మైక్రోగ్రాములే ఉన్న బియ్యం ఇదే ప్రమాణంతో కొలిస్తే 76.6 చూపించి గట్టెక్కుతుంది.

ఇదే తప్పు మలినాల కొలతలో ఎదురు దిశలో పనిచేస్తుంది. వల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ పరిమితి 0.3 పీపీఎం (పది లక్షల్లో 0.3 వంతు). రోజుకు 96 నానోగ్రాముల పరిమితిని 320 మిల్లీగ్రాముల గరిష్ఠ మోతాదుతో భాగిస్తే వచ్చిన అంకె ఇది. ఎన్‌డీఎంఏ ప్రమాణ ద్రావణం బలం నమ్మినదానికన్నా అదే నిష్పత్తిలో తక్కువైతే, 0.28 పీపీఎం ఉన్న బ్యాచ్ 0.306గా కనిపించి తిరస్కరణకు గురవుతుంది. అంటే మలినం విషయంలో ఈ తప్పు కంపెనీకి నష్టం తెస్తుంది, మందు మోతాదు విషయంలో రోగికి తెస్తుంది. రెండోది ఎవరి కంటా పడదు. అందుకే అదే ఎక్కువ భయపెట్టాలి.

ఇంకో తప్పు కూడా ల్యాబుల్లో మామూలే. ధ్రువపత్రంలో ‘ఉన్నదున్నట్టు వాడినప్పుడు గ్రాముకు 906 మిల్లీగ్రాములు’ అని ఉంటుంది. మంచిదే కదా అని విశ్లేషకుడు పొడిని ఆరబెట్టి, లెక్కలో మాత్రం 906నే ఉంచుతాడు. నీరంతా పోయాక దానిలో ఉన్నది సుమారు 987. ప్రమాణం నమ్మినదానికన్నా గట్టిగా ఉంది కాబట్టి ఈసారి నమూనా తక్కువ చూపిస్తుంది. 4.8 మిల్లీగ్రాములున్న మంచి మాత్ర 4.41 చూపించి ‘ఫెయిల్’ అవుతుంది.

శుద్ధత, అనిశ్చితి, ట్రేసబిలిటీ

కొలతల శాస్త్రంలో శుద్ధత అంటే ద్రవ్యరాశి భిన్నం. ఒక గ్రాము పొడిలో మనం పేరు పెట్టిన ఆ ఒక్క అణువు ఎన్ని మిల్లీగ్రాములు ఉందన్నదే ప్రశ్న. నీరు, మిగిలిపోయిన ద్రావణి, లవణం అన్నీ మలినం కిందకే వస్తాయి.

అనిశ్చితి అంటే తప్పు కాదు. ‘906 ± 3’ అని రాస్తే, అసలు విలువ 903కూ 909కీ మధ్య ఉంటుందని ఎంత నమ్మకంగా చెప్పగలమో (మామూలుగా 95 శాతం) లెక్కగట్టి చెప్పడం.

ట్రేసబిలిటీ అంటే ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మెట్టు మెట్టుగా చూపించగలగడం. మాత్ర ఫలితం ల్యాబులో రోజూ వాడే వర్కింగ్ స్టాండర్డ్‌తో ముడిపడాలి, అది ధ్రువీకరించిన ప్రమాణంతో, అది ప్రాథమిక ప్రమాణంతో, అది కిలోగ్రాము, మోల్ లాంటి అంతర్జాతీయ ప్రమాణాలతో. ప్రతి మెట్టుకూ రాతపూర్వక ఆధారం ఉండాలి, ప్రతి మెట్టు దగ్గరా కలిసే అనిశ్చితిని లెక్కలో చేర్చాలి. మధ్యలో ఒక్క మెట్టు లేకపోయినా పై మెట్ల పేర్లు చెప్పుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ‘ఫలానా సంస్థకు ట్రేసబుల్’ అని సీసా మీద అచ్చు వేసినంత మాత్రాన గొలుసు ఏర్పడదు. ట్రేసబిలిటీ ఫలితానికి ఉండే గుణం, సంస్థకు గానీ పరికరానికి గానీ ఉండే హోదా కాదు.

మొదటి దారి: మలినాలన్నీ తీసివేయడం

దీన్ని మాస్ బ్యాలెన్స్ అంటారు. వెయ్యి మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ప్రధాన పదార్థం కానిదాన్నంతా విడివిడిగా కొలిచి తీసేస్తారు. ఫోలిక్ ఆమ్లానికి ఒక నమూనా లెక్క ఇలా ఉంటుంది:

నీరు (కార్ల్ ఫిషర్, అంటే అయోడిన్‌తో నీటిని కొలిచే టైట్రేషన్): 82 మి.గ్రా.
మిగిలిన ద్రావణులు (హెడ్‌స్పేస్ జీసీ): 1.5 మి.గ్రా.
లవణాలు, లోహాలు (ఐసీపీ-ఎంఎస్, అయాన్ క్రొమటోగ్రఫీ): 2.5 మి.గ్రా.

ఈ మూడూ పోగా 914.0 మిగులుతుంది. హెచ్‌పీఎల్‌సీలో సంబంధిత కర్బన మలినాలు 0.9 శాతం ఉన్నాయి. ఆ 0.9 శాతం మొత్తం వెయ్యికి కాదు, మిగిలిన ఈ 914కే వర్తిస్తుంది. 914.0 × 0.991 = 905.8. అనిశ్చితులు కలిపితే 905.8 ± 3.3 దగ్గర తేలుతుంది.

కాగితం మీద సులువుగానే ఉంది. పని మొదలుపెడితే ప్రతి వరుసలోనూ ఒక చిక్కు ఎదురవుతుంది.

నీటితో మొదలుపెడదాం. ఫోలిక్ ఆమ్లం మిథనాల్‌లో సరిగా కరగదు. కరగని గింజల లోపలి నీరు టైట్రేషన్‌కు అందదు. అందుకే పొడిని చిన్న ఓవెన్‌లో వేడిచేసి, వచ్చే ఆవిరిని పొడి వాయువుతో కార్ల్ ఫిషర్ సెల్‌లోకి పంపుతారు. ఓవెన్ వేడి చాలకపోతే స్ఫటికంలో బిగిసి ఉన్న నీరు బయటికి రాదు. మరీ ఎక్కువైతే అణువే విచ్ఛిన్నమై కొత్తగా నీరు పుడుతుంది. ఉష్ణోగ్రతను మెల్లగా పెంచుతూ, ఫలితం ఎక్కడ నిలకడగా ఉందో చూసి ఆ పరిధిని ఎంచుకోవాలి. వేరే పదార్థాలకు వేరే ఇబ్బందులుంటాయి: కీటోన్లు మిథనాల్‌తో కలిసి నీటిని పుట్టిస్తాయి, థయాల్‌లు అయోడిన్‌ను తినేసి నీరున్నట్టు భ్రమ కలిగిస్తాయి.

హెచ్‌పీఎల్‌సీ వరుస ఇంకా జాగ్రత్త కోరుతుంది. ‘వైశాల్యం శాతం’ లెక్కలో అన్ని అణువులూ కాంతిని ఒకేలా పీల్చుకుంటాయన్న ఊహ దాగి ఉంది. ఒక మలినం ఆ తరంగదైర్ఘ్యం దగ్గర సగమే పీల్చుకుంటే 0.5 శాతంగా కనిపించేది నిజానికి ఒక శాతం. ఫోలిక్ ఆమ్లం తయారీలో మిగిలే ట్రైఅమినోపిరిమిడినాల్‌కూ, కాంతి తగిలి విరిగినప్పుడు వచ్చే పారా-అమినోబెంజాయిల్ గ్లుటామిక్ ఆమ్లానికీ స్పందన వేరుగా ఉంటుంది. ఏ మలినానికి ఆ మలినం తెచ్చి స్పందన కొలవడమే సరైన పని. ఆ మలినం దొరకనప్పుడు ఆ లోటును అనిశ్చితిలో చూపించాలి.

లవణాల కోసం కాల్చి బూడిద తూచడం పాత పద్ధతి. సోడియం ఉంటే అది కార్బొనేట్‌గానో మరోలాగానో మారి మిగులుతుంది. బూడిద బరువు, పొడిలో మొదట ఉన్న లవణం బరువు ఒకటి కావు.

ఈ దారికి బలహీనత ఒక్కటే, కానీ పెద్దది. వెతకనిది దొరకదు. దొరకని మలినం ప్రధాన పదార్థం ఖాతాలో పడిపోతుంది. అందుకే మాస్ బ్యాలెన్స్ తప్పితే సాధారణంగా శుద్ధతను ఎక్కువ చేసి చూపే వైపే తప్పుతుంది.

రెండో దారి: ఎన్‌ఎంఆర్‌తో సూటిగా కొలవడం

ఎన్‌ఎంఆర్ అంటే అయస్కాంత క్షేత్రంలో ఉంచిన పరమాణు కేంద్రకాలు రేడియో తరంగాలకు ఎలా స్పందిస్తాయో చూసే పద్ధతి. దాని పటంలో ఒక సంకేతం వైశాల్యం దాన్నిచ్చే హైడ్రోజన్ పరమాణువుల సంఖ్యకు అనులోమంగా ఉంటుంది. అణువు ఏదైనా సరే. కాబట్టి శుద్ధత తెలిసిన వేరే పదార్థాన్ని అదే గొట్టంలో కలిపి, రెండింటి సంకేతాలను పోల్చి చూస్తే చాలు. శుద్ధమైన ఫోలిక్ ఆమ్లం ముందే చేతిలో ఉండాల్సిన పని లేదు. ఈ పద్ధతి అసలు విలువ ఇక్కడే ఉంది.

ఫోలిక్ ఆమ్లం 20.00 మిల్లీగ్రాములు, మేలిక్ ఆమ్లం (శుద్ధత 0.9990) 5.000 మిల్లీగ్రాములు కలిపి డ్యుటీరియం డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించారనుకుందాం. ఫోలిక్ ఆమ్లంలో 7.65 పీపీఎం (ఇక్కడ ఇది పటంలో సంకేతం ఉన్న చోటు, మలినం మోతాదు కాదు) దగ్గర రెండు హైడ్రోజన్ల సంకేతం, మేలిక్ ఆమ్లంలో 6.3 దగ్గర రెండు హైడ్రోజన్ల సంకేతం. వైశాల్యాల నిష్పత్తి 0.9535 వచ్చింది. అణుభారాలు 441.40, 116.07.

శుద్ధత = 0.9535 × (2 ÷ 2) × (441.40 ÷ 116.07) × (5.000 ÷ 20.00) × 0.9990 = 0.9056

గ్రాముకు 905.6 మిల్లీగ్రాములు. వైశాల్య నిష్పత్తిలో 0.15 శాతం, మేలిక్ తూకంలో 0.1 శాతం, దాని శుద్ధతలో 0.05 శాతం అనిశ్చితి ఉంటే మొత్తం విలువ 905.6 ± 3.4 అవుతుంది. మాస్ బ్యాలెన్స్‌తో చక్కగా కుదిరింది.

కుదరకుండా చేసేవాటిలో మొదటిది తొందర. ఒక పల్స్ (రేడియో తరంగాల చిన్న తాకిడి) తర్వాత కేంద్రకాలు మామూలు స్థితికి రావడానికి కొంత సమయం పడుతుంది. ఆ వేగాన్ని టీ1 అనే కాలంతో కొలుస్తారు. మేలిక్ ఆమ్లం టీ1 5 సెకన్లు, ఫోలిక్ ఆమ్లానిది ఒక సెకను అనుకుని, 90 డిగ్రీల పల్సుల మధ్య 15 సెకన్లే ఆగామనుకోండి. ఫోలిక్ పూర్తిగా కోలుకుంటుంది, మేలిక్ 95 శాతమే కోలుకుంటుంది. దాంతో 905.6 ఉన్న శుద్ధత 953గా వస్తుంది. అయిదు రెట్ల టీ1 ఆగితే కోలుకునేది 99.3 శాతం, ఏడు రెట్లకు 99.9, పది రెట్లకు 99.995. రెండు పదార్థాల్లో ఎక్కువ టీ1 ఉన్నదాన్ని బట్టే విరామం పెట్టుకోవాలి, దాన్ని అదే ద్రావణంలో కొలిచి తెలుసుకోవాలి. పుస్తకంలో చూసిన విలువ సరిపోదు.

తర్వాత సంకేతం అంచులు. వాటి తోకలు చాలా దూరం పాకుతాయి. వైశాల్యంలో 99 శాతం అందాలంటే సంకేతం సగం ఎత్తు దగ్గరి వెడల్పుకు సుమారు 64 రెట్లు తీసుకోవాలి, అంటే అర హెర్ట్జ్ వెడల్పుంటే 32 హెర్ట్జ్. అంత చోటు పక్క సంకేతాలు ఇవ్వకపోవచ్చు. అప్పుడు రెండు సంకేతాలకూ వాటి వాటి వెడల్పుకు ఒకే సంఖ్యలో రెట్లు తీసుకుంటే లోటు రెండువైపులా రద్దవుతుంది. కార్బన్-13 (కార్బన్‌లో కొద్దిపాటిగా ఉండే బరువైన రూపం) వల్ల ప్రతి సంకేతానికీ రెండు పక్కలా పుట్టే చిన్న శిఖరాలు కలిపి 1.1 శాతం. ఒకదానికి కలిపి ఇంకోదానికి వదిలేస్తే ఆ 1.1 శాతం నేరుగా జవాబులోకి వస్తుంది.

ఇక తూకం. 5 మిల్లీగ్రాముల్లో 0.1 శాతం అంటే 5 మైక్రోగ్రాములు. వేలిముద్ర, గాలి తెర, పొడి గాలిలో పుట్టే స్థిర విద్యుత్తు, వీటిలో ఏదైనా అంత తేడా తెస్తుంది. ఫోలిక్ ఆమ్లం గదిలోని తేమను బట్టి నీటిని పీల్చుకుంటుంది, వదులుతుంది కూడా. కార్ల్ ఫిషర్‌కు సోమవారం, ఎన్‌ఎంఆర్‌కు గురువారం తూచితే అవి రెండు వేరు వేరు పదార్థాలన్నట్టే లెక్క. అన్ని కొలతలకూ ఒకే తేమలో, ఒకేసారి తూకాలు వేసుకోవాలి.

రెండు జవాబులూ కలవనప్పుడు

మాస్ బ్యాలెన్స్ 906 చెప్పి, ఎన్‌ఎంఆర్ 893 చెప్పిందనుకోండి. సగటు తీసి 899.5 అని రాసేయడం అన్నిటికన్నా చెడ్డ పని. ఆ 13 మిల్లీగ్రాములు ఎక్కడో ఉన్నాయి. మొదట అనుమానించాల్సినవి హైడ్రోజన్ లేనివీ, కాంతి పీల్చనివీ: సోడియం లవణం, సిలికా లాంటివి. తర్వాత ఓవెన్‌లో పూర్తిగా రాని నీరు.

ఎన్‌ఎంఆరే ఎక్కువ చూపితే అనుమానం వేరే వైపు తిరగాలి. టెరాయిక్ ఆమ్లం అనే మలినం ఫోలిక్ ఆమ్లంలో ఒక భాగమే, కాబట్టి దాని వలయం సంకేతాలు ఫోలిక్ ఆమ్లం సంకేతాల కిందే దాక్కుంటాయి. ఎన్‌ఎంఆర్ రెండింటినీ కలిపి లెక్కపెడుతుంది. హెచ్‌పీఎల్‌సీ మాత్రం వాటిని విడదీస్తుంది. ఆ విలువతో ఎన్‌ఎంఆర్ జవాబును సరిచేయాలి. ఒకదానికి కనిపించనిది ఇంకోదానికి కనిపిస్తుంది కాబట్టే రెండు దారుల్లోనూ వెళ్లడం.

జాతీయ కొలతల సంస్థలకు కూడా ఈ పరీక్ష తప్పదు. పారిస్ పక్కన సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల బ్యూరో ఒకే పొడిని వివిధ దేశాల సంస్థలకు పంపి, ఎవరెవరు ఎంత శుద్ధత చెబుతారో పోల్చింది. కే55 అనే ఆ వరుసలో ఎస్ట్రాడయోల్, ఆల్డ్రిన్, ఎల్-వేలిన్ తర్వాత నాలుగోది ఫోలిక్ ఆమ్లమే. నీరు ఎక్కువగా ఉండి, సరిగా కరగని పదార్థాన్ని కొలవగలరో లేదో తేల్చడానికి తగిన పదార్థం అది.

గొలుసు చివరి కొస: బెంజోయిక్ ఆమ్లం, విద్యుత్తు

ఎన్‌ఎంఆర్ జవాబు మేలిక్ ఆమ్లం శుద్ధత మీద ఆధారపడింది. మరి దాని శుద్ధత ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న ఎక్కడో ఒకచోట ఆగాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దానికోసం పీఎస్1 అనే బెంజోయిక్ ఆమ్లాన్ని ఎన్‌ఎంఆర్ ప్రాథమిక ప్రమాణంగా తయారుచేసింది. ఇలాంటి ఆమ్లాన్ని ఇంకో రసాయనంతో పోల్చకుండానే కొలిచే మార్గం ఉంది. అది కూలోమెట్రీ. టైట్రేషన్‌కు కావలసిన క్షారాన్ని విద్యుత్తుతో అక్కడికక్కడే పుట్టించి, ఎంత విద్యుత్తు పట్టిందో లెక్కపెడతారు.

100 మిల్లీగ్రాముల శుద్ధ బెంజోయిక్ ఆమ్లం (అణుభారం 122.12) అంటే 0.8189 మిల్లీమోళ్లు. మోల్‌కు 96,485.33 కూలుంబుల చొప్పున 79.01 కూలుంబులు. 100 మిల్లీఆంపియర్ల స్థిర విద్యుత్తును పంపితే 790.1 సెకన్లు పడుతుంది. 789 సెకన్లకే ముగిస్తే శుద్ధత 99.86 శాతం. కొలిచింది బరువు, విద్యుత్తు, కాలం మాత్రమే. అవగాడ్రో సంఖ్యకూ ఎలక్ట్రాన్ ఆవేశానికీ లబ్ధమైన ఆ 96,485 (ఫారడే స్థిరాంకం) 2019 మే 20 నుంచి కచ్చితమైన విలువ, దానికి అనిశ్చితే లేదు.

అయితే కూలోమెట్రీ ఆమ్లాలన్నిటినీ ఒకే గాటన కడుతుంది. వేరే ఆమ్లం కొంచెం కలిసినా దానికి తెలియదు. అందుకని గొలుసు చివరి కొస దగ్గర కూడా మాస్ బ్యాలెన్స్, ఎన్‌ఎంఆర్ తోడు కావాల్సిందే.

ఫార్మకోపియా ప్రమాణాల మీద అనిశ్చితి ఎందుకు రాయరు?

జీడిమెట్లలోనో పాశమైలారంలోనో పరవాడలోనో పనిచేసే ల్యాబుకు రోజువారీ అవసరం ఫార్మకోపియా ప్రమాణాలతోనే. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్, అమెరికా, యూరప్ ఫార్మకోపియాలు వీటిని ఇస్తాయి. అమెరికా ఫార్మకోపియాకు హైదరాబాద్‌లోనే ల్యాబు ఉంది. ఈ సీసాలతో వచ్చే పత్రంలో విలువ ఉంటుంది, ± మాత్రం సాధారణంగా ఉండదు.

కొలతల శాస్త్రం వైపు వారికి ఇది లోపంగా కనిపిస్తుంది: అనిశ్చితి లేని విలువతో గొలుసు పూర్తికాదు, రెండు ఫార్మకోపియాల ప్రమాణాలు కొంచెం తేడా చూపితే ఏది సరైనదో తేల్చే ఆధారం ఉండదు. ఫార్మకోపియాల వాదన వేరు. యూరప్ ఫార్మకోపియా దాన్ని రాతలోనే చెప్పింది: ఆ పద్ధతికి పెట్టిన పరిమితులతో పోలిస్తే ప్రమాణం అనిశ్చితి లెక్కలోకి రానంత చిన్నది, కాబట్టి రాయడం లేదు. పైగా ఆ ప్రమాణం ఫలానా పద్ధతికి మాత్రమే చట్టబద్ధం, దాన్ని వేరే పనికి వాడటం వాడినవారి బాధ్యత.

90–110 పరిమితి ఉన్న మాత్రకు 0.3 శాతం అనిశ్చితి నిజంగానే ఏమీ కాదు. ఆ మేరకు ఫార్మకోపియాల మాట సరైనదే. ముడి ఔషధాలకు ఉండే 98.5–101.0 లాంటి బిగువైన పరిమితుల దగ్గర మాత్రం ఆ వాదన బలం తగ్గుతుంది. అదే ప్రమాణాన్ని తెచ్చి రక్తపరీక్షకో, పోషక బియ్యం కొలతకో వాడితే అసలు నిలవదు. అలాంటి పనులకు ప్రమాణ పదార్థాల తయారీదారులకు వర్తించే ఐఎస్ఓ 17034 కింద తయారై, విలువతోపాటు అనిశ్చితి కూడా ఇచ్చే ధ్రువీకృత ప్రమాణాలు కావాలి. మన దేశంలో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ‘భారతీయ నిర్దేశక ద్రవ్య’ పేరుతో ధ్రువీకృత ప్రమాణాలు తెస్తోంది.

ఎవరికీ కనిపించని మలినం

ఇంత చేశాక కూడా ఫోలిక్ ఆమ్లంలో ఒకటి మిగిలిపోతుంది. దాని గ్లుటామిక్ ఆమ్లం భాగం ఎల్ రూపంలో ఉండాలి. కుడి ఎడమలు తారుమారైన డీ రూపం కొంత కలిసి ఉంటే కార్ల్ ఫిషర్‌కు తెలియదు. మామూలు హెచ్‌పీఎల్‌సీలో రెండూ ఒకే నిమిషంలో వస్తాయి, ఎన్‌ఎంఆర్‌లో రెండిటి సంకేతాలూ ఒకటే, కూలోమెట్రీ సంగతి చెప్పనక్కర్లేదు. దాన్ని పట్టాలంటే కైరల్ స్తంభం (కుడి ఎడమ రూపాలను విడదీసే గొట్టం) వేసి విడిగా చూడాలి. చూడకపోతే ధ్రువపత్రంలో ‘ఫోలిక్ ఆమ్లం (డీ, ఎల్ రూపాలు కలిపి) 906 ± 3’ అని రాయాలి. డీ రూపాన్ని చూడకుండానే ‘ఎల్ రూపం 906 ± 3’ అని రాస్తే, చేయని కొలతకు అంకె ఇచ్చినట్టవుతుంది.